అందరికీ వచ్చింది, చిన్నమ్మకే రాలేదు: ఒంటరి బంధువుల విజిటర్ వీసా చిక్కు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి... ఏ ఊరు తీసుకున్నా ఇప్పుడు వాడకొకరైనా అమెరికాలోనో, కెనడాలోనో, లండన్‌లోనో ఉన్నారు. అక్కడ కాన్పు ఉందనో, గృహప్రవేశం ఉందనో ఇక్కడివాళ్లు విజిటర్ వీసాకు పెట్టుకుంటారు. అమ్మకూ బాపుకూ వస్తుంది. వాళ్లతో పాటే పెట్టుకున్న పెళ్లికాని తమ్ముడికి రాదు. ఇంకో ఇంట్లో, భర్త పోయిన చిన్నమ్మ పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్ దాకా పోయి, కిటికీ ముందు రెండు నిమిషాలు నిలబడి, 214బి అని రాసున్న తిరస్కరణ కాగితంతో బయటికొస్తుంది. "ఒక్క కాగితం గూడ చూడలే బిడ్డా, నాలుగు ముచ్చట్లు అడిగి పొమ్మన్నరు" అంటుంది ఫోన్‌లో.

ఆ తర్వాత చాలా ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో తన జీతం కాగితాలు ఇంకో కట్ట పంపిస్తాడు. ఆహ్వానపత్రం ఈసారి నోటరీ చేయిస్తాడు. ఇక్కడేమో ఎవరి దగ్గరో పది లక్షలు తెచ్చి బ్యాంకులో వేస్తారు. సీఏ దగ్గర ఆస్తుల సర్టిఫికెట్ రాయిస్తారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మళ్లీ స్లాట్ బుక్ చేస్తారు. మొక్కు మంచిదే. కానీ ఆ కాగితాల్లో ఎక్కువ భాగం, పిలిచినవాళ్లకు ఎంత ఉందో చెబుతాయి. ఆఫీసర్ ఆ ప్రశ్న అడగలేదు. ఈ మనిషి తిరిగి వస్తుందా, వస్తే దేనికోసం వస్తుంది అన్నదే ఆయన ప్రశ్న. చిన్నమ్మ జీవితంలో దానికి గట్టి జవాబు ఉండే ఉంటుంది. అది ఫారంలోకీ నోటి మాటలోకీ రాలేదు. చాలా తిరస్కరణల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం 1952 నాటిది. అందులోని 214బి సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగే ప్రతి ఒక్కరినీ అక్కడే స్థిరపడటానికి వెళ్తున్నవారిగానే ముందు అనుకోవాలి. అలా కాదని ఆఫీసర్‌ను ఒప్పించే బాధ్యత దరఖాస్తుదారుదే. అంటే అనుమానం చిన్నమ్మ మొహం చూసి పుట్టింది కాదు, చట్టమే దాన్ని అందరి మీదా పెట్టింది. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుని ఇంట్లో నెలల తరబడి బాధపడతారు. ఆ బాధ అక్కర్లేదు. 214బి అంటే నేరం కాదు, నిషేధం కాదు, జీవితాంతం వెంటాడే మచ్చ అంతకంటే కాదు. ఆ రోజు ఆ రెండు నిమిషాల్లో ఆఫీసర్‌కు నమ్మకం కుదరలేదు, అంతే.

అయితే ఒంటరివాళ్లకే ఇది ఎందుకు ఎక్కువగా తగులుతుంది? తిరిగొచ్చే కారణాలుగా ఆఫీసర్లు మామూలుగా చూసేవి భార్యాభర్తలు, పిల్లలు, ఉద్యోగం, ఆస్తి. పెళ్లైనవాళ్లలో ఒకరు వెళ్తే ఇంకొకరు ఇక్కడ ఉంటారు. ఇద్దరూ వెళ్లినా ఇక్కడ ఇంకో కొడుకు సంసారం ఉంటుంది. పెళ్లికానివాళ్లకూ, భర్తో భార్యో పోయినవాళ్లకూ మొదటిది ఉండదు, రెండోది కూడా చాలాసార్లు ఇక్కడ ఉండదు. ఉన్న ఒక్క బిడ్డా అమెరికాలోనే ఉంటే రక్తసంబంధం లాగేది కూడా అటువైపే. ఒంటరివాళ్లకు వీసా ఇవ్వొద్దని ఏ చట్టమూ చెప్పదు. కానీ వాళ్ల విషయంలో భారమంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది: చేసే పని, ఉన్న ఆస్తి. మన ఊళ్లలో ఆడవాళ్ల దరఖాస్తుల్లో సరిగ్గా ఈ రెండే ఖాళీగా ఉంటాయి.

ఫారంలో మాయమైపోయే పొలం

అమెరికా విజిటర్ వీసా దరఖాస్తును డీఎస్-160 అంటారు. ఆన్‌లైన్‌లో నింపాలి. దాంట్లో మీకెంత భూమి ఉంది, ఇల్లు సొంతమేనా అని అడిగే గడి ఎక్కడా ఉండదు. ఒక మనిషికి ఈ నేలతో ఉన్న సంబంధం కనపడే చోటు దాదాపు ఒక్కటే: వృత్తి. ఇంటర్నెట్ సెంటర్‌లోనో కన్సల్టెన్సీలోనో కూర్చున్న కుర్రవాడు యాభై ఎనిమిదేళ్ల ఆడమనిషిని చూసి, ఏమీ అడగకుండానే "హోమ్‌మేకర్" అని నొక్కేస్తాడు. అది నొక్కాక పని ఎక్కడ, ఎప్పటి నుంచి, నెలకు ఎంత వస్తుంది, ఏం చేస్తారు అన్న గడులేవీ ముందుకు రావు. "అగ్రికల్చర్" అని ఎంచుకుంటే అవన్నీ వస్తాయి.

హాలియా దగ్గర ఒక చిన్నమ్మ ఉందనుకుందాం. భర్త పోయి తొమ్మిదేళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి, పక్క ఊళ్లో రెండెకరాల బత్తాయి తోట. కూలీలను పిలిచేది ఆమె, ఎరువుల షాపులో ఖాతా ఆమెది, వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రానికి తోలించి తేమ దగ్గర వాదించేది ఆమె, తోట కాపును గుత్తకు ఇచ్చేటప్పుడు వ్యాపారితో బేరమాడేది ఆమె. ఇంత వ్యవసాయం నడిపే మనిషి ఫారంలో ఏ పనీ లేని ఒంటరి స్త్రీగా కనిపిస్తుంది. వృత్తి గృహిణి, ఆదాయం లేదు, భర్త లేడు, ఒక్క కూతురు, ఆమె డాలస్‌లో. ఈ నాలుగు మాటలే చూసిన ఆఫీసర్ ఏం అనుకుంటాడు? ఆయన స్థానంలో కూర్చుంటే మనమూ అదే అనుకుంటాం.

నేను చెప్పేది ఫారంలో అబద్ధం రాయమని కాదు. వ్యవసాయం చేసే ఆడమనిషిని రైతు అని రాయకపోవడమే అసత్యం. మన దగ్గర పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లనే రైతు అనే అలవాటు ఉంది. ఆ అలవాటు వీసా ఫారం దాకా వచ్చి మన ఆడవాళ్లకు నష్టం చేస్తోంది.

పట్టా మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఆ భూమి చాలాసార్లు చనిపోయిన భర్త పేరు మీదే ఉండిపోతుంది. కొడుకులు దూరంగా ఉన్నారనో, అన్నదమ్ముల మధ్య పంపకం తేలలేదనో విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పిడి, చేయించరు. అలాంటప్పుడు ఆమె "నాకు ఐదెకరాలుంది" అన్నా కాగితం వేరే పేరు చెబుతుంది. రైతు భరోసా డబ్బు ఆమె ఖాతాలో పడదు. మొదటి తిరస్కరణ తర్వాత దొరికిన సమయంలో చేయదగ్గ మంచి పని ఏదైనా ఉందంటే ఈ విరాసత్ పూర్తి చేయించడం. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. వారసుల పేర్లకు మార్చుకునే పని తహసీల్దార్ కార్యాలయం ద్వారానే జరుగుతుంది. వీసా వచ్చినా రాకపోయినా ఆమెకు అది కావాల్సిందే. పాస్‌బుక్ ఆమె పేరున వచ్చాక, ఎకరానికి సీజన్‌కు ఆరు వేల చొప్పున రైతు భరోసా ఆమె ఖాతాలోకే వస్తుంది. వడ్ల పైసలూ అదే ఖాతాలో పడితే, సంవత్సరం తిరిగేసరికి ఏ సీఏ రాయనక్కర్లేకుండా బ్యాంకు స్టేట్‌మెంటే ఆమె కథ చెబుతుంది.

వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఇన్‌కం ట్యాక్స్ లేదు. కాబట్టి రైతు దగ్గర ఐటీ రిటర్నులు లేకపోవడం తప్పేమీ కాదు. ఆ లోటు పూడ్చాలని ఇంటర్వ్యూకు ముందు వారంలో పెద్ద మొత్తం తెచ్చి ఖాతాలో వేయడమే తప్పు. ఏడాదంతా వేలల్లో నడిచిన ఖాతాలో ఒక్కసారిగా పది లక్షలు కనపడితే, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న పుడుతుంది. అంతవరకూ లేని అనుమానాన్ని డబ్బులు ఖర్చుపెట్టి మనమే కొని తెచ్చుకున్నట్టు.

ఇంకో రకం చిక్కు మీసేవ నుంచి వస్తుంది. రేషన్ కార్డుకు గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర ఆదాయ పరిమితి. అందుకే చాలా ఇళ్లలో ఆదాయ సర్టిఫికెట్ ఆ లోపే ఉంటుంది. అదే ఫైల్లో ఏడాదికి పన్నెండు లక్షలు వస్తాయని సీఏ సర్టిఫికెట్ పెడతారు. రెండూ ఒకే మనిషివి. కాగితాలు చదివి నిర్ణయించే బ్రిటన్, కెనడా ఆఫీసర్ల ముందు ఇలాంటి ఫైలు నిలబడదు. ఎంత తక్కువైనా నిజమైన అంకె ఒకటి ఎంచుకోండి. ఫారంలో, బ్యాంకులో, నోట్లో అదే ఉండాలి.

పెళ్లికాని తమ్ముడి సంగతి

భర్త పోయిన పెద్దావిడ దరఖాస్తును నిజాలు సరిగ్గా చెప్పి చాలావరకు సరిచేయొచ్చు. ఇరవై ఆరేళ్ల తమ్ముడి సంగతి అంత తేలిక కాదు, ఆ మాట దాచకుండా చెప్పాలి. బీటెక్ అయింది, ఇంకా ఉద్యోగం రాలేదు, అన్న హెచ్-1బీ మీద ఉన్నాడు, అంతకుముందు ఎమ్మెస్ కోసం స్టూడెంట్ వీసాకు పోతే రాలేదు. ఇప్పుడు మూడు నెలలు చూసొస్తానంటాడు. ఈ పరిస్థితిలో ఏ కవరింగ్ లెటరూ పనిచేయదు. పాత స్టూడెంట్ వీసా దరఖాస్తు ఆఫీసర్ స్క్రీన్ మీద ఉంటుంది. రెండేళ్ల కింద చదువుకని అడిగిన మనిషి ఇప్పుడు చూడటానికని అడుగుతుంటే, దారి మార్చాడనే అనుకుంటారు.

అతనికి నా సలహా ఆగమనే. ఏడాదో రెండేళ్లో ఉద్యోగం చేసి, జీతం ఖాతాలో పడుతూ, రిటర్నులు వేశాక, కంపెనీ ఇచ్చిన లీవ్‌కు సరిపడా రెండు మూడు వారాలకు అడిగితే అది నమ్మేలా ఉంటుంది. ప్రయాణం ఎన్ని రోజులన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఒంటరివాళ్ల విషయంలో దానికి చాలా బరువుంటుంది. ప్రైవేటు ఉద్యోగం చేసే మనిషి ఆరు నెలలు వెళ్తానంటే ఆ ఉద్యోగం మీద అతనికి ఆశ లేదనే అర్థం. అదే మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ టీచర్‌గా ఉన్న పెళ్లికాని మేనత్త సంగతి చూడండి. ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవులు మొదలవుతాయి, మామూలుగా జూన్ 12న బడి తెరుస్తారు. ఆ మధ్యలో నెలా పది రోజులకు, డిపార్ట్‌మెంట్ అనుమతి పత్రంతో ఆమె అడిగితే, ఎందుకు తిరిగొస్తారన్న ప్రశ్నకు ఆమె సర్వీసే జవాబు. "జూన్ పన్నెండుకు బడికి పోవాలి" అని ఆమె నోటితో అన్న ఒక్క మాట, మేనల్లుడి ఇంటి కాగితాలన్నిటి కన్నా బలమైనది.

ముందు థాయిలాండో దుబాయో తిరిగొస్తే పాస్‌పోర్టులో ముద్రలు పడతాయని, తర్వాత అమెరికా సులువని కొందరు ఏజెంట్లు చెబుతారు. వెళ్లిన దేశాల నుంచి గడువులోపు తిరిగొచ్చారన్నది కొంత మేలే. కానీ పనీ ఆదాయం లేని మనిషికి ఆ ముద్రలు అండగా నిలబడవు. ఆ ఖర్చు సరదాకు పెట్టుకుంటే సరే, వీసా కోసమైతే వద్దు.

కిటికీ ముందు నాలుగు మాటలు

హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడే వీలుంది. అయినా చాలామంది పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్లు ఇంగ్లీష్ ముక్కలు బట్టీ పట్టించి పంపుతారు. ప్రశ్న కొంచెం అటూ ఇటూ మారగానే టెన్షన్‌తో తడబడతారు. ఆ తడబాటును ఆఫీసర్ ఎలా అర్థం చేసుకుంటాడో మన చేతిలో లేదు. తెలుగులో మాట్లాడతానని మొదటే అడగడం మంచిది. పొలం గురించి, పశువుల గురించి, ఇంటి గురించి ఆమె తన భాషలో చెప్పే తీరులోనే ఆమె వేళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

"ఎందుకు వెళ్తున్నారు?" అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. "మా బిడ్డ డ్యూటీకి పోతది, మనుమడిని చూసుకోనికి మనిషి లేరు, అందుకే పోతున్న" అని అమాయకంగా చెబుతారు. మన దృష్టిలో అది ప్రేమ. అటువైపు కూర్చున్నవారికి అది ఆయా పనిలా వినపడుతుంది. పైగా పిల్లవాడు పెద్దయ్యేదాకా ఉండిపోతుందేమో అనిపిస్తుంది. ఇక్కడ మాట మార్చి దాటేయమని నేను చెప్పను. ముందు కుటుంబం తనలో తాను తేల్చుకోవాలి. చిన్నమ్మ నిజంగా చూసి రావడానికే వెళ్తోందా, లేక డేకేర్ ఖర్చు మిగులుతుందని ఆరు నెలలకోసారి తిప్పాలనుకుంటున్నారా? రెండోదైతే ఆఫీసర్ అనుమానంలో తప్పేమీ లేదు. మొదటిదైతే చెప్పే మాట కూడా మొదటిదే కావాలి: మనుమడిని చూడాలి, బారసాలకు ఉండాలి, రెండు నెలల్లో యాసంగి కోతలకు వచ్చేయాలి.

అమెరికాలో సిటిజన్ అయిన అన్నో అక్కో వీళ్ల కోసం గ్రీన్‌కార్డు పిటిషన్ వేసి ఉంటే ఆ సంగతి ఫారంలో అడుగుతారు, చెప్పి తీరాలి. తోబుట్టువుల కోటాలో 2025లో భారతీయులకు 2006 నాటి పిటిషన్ల వంతు నడిచింది. అంటే దాదాపు రెండు దశాబ్దాల లైను. పిటిషన్ ఉందని చెబితే వీసా ఇక రాదేమో అన్న భయంతో దాస్తారు. అది వాళ్ల రికార్డుల్లోనే ఉంటుంది కదా! ఉన్నది ఉన్నట్టు చెప్పి, "దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం, ఇప్పుడు మాత్రం పెళ్లికి పోయి వస్తాను" అన్నవాళ్లకు దారి మూసుకుపోదు. దాచినవాళ్లకే మూసుకుపోతుంది.

ఎందుకంటే తిరస్కరణకూ మోసానికీ మధ్య పెద్ద తేడా ఉంది. 214బి తర్వాత రేపే మళ్లీ పెట్టుకోవచ్చు. తప్పుడు ఉద్యోగ పత్రమో, దొంగ బ్యాంకు స్టేట్‌మెంటో, దాచిన పాత తిరస్కరణో బయటపడితే అమెరికా చట్టంలో జీవితకాల అనర్హత పడొచ్చు. బ్రిటన్‌లో పదేళ్లు, కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో మూడేళ్లు నిషేధం. ఈ నాలుగు దేశాలూ ఒకదానికొకటి సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. ఫారాన్ని ఏజెంట్ నింపినా సంతకం మనది, శిక్ష మనది. అందుకే ఏ కన్సల్టెన్సీ అయినా "ఆ విషయం రాయకండి, మేం చూసుకుంటాం" అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలి?

అమెరికా విజిటర్ వీసా తిరస్కరణ మీద అప్పీలు లేదు. కోర్టులూ దాదాపుగా తలదూర్చవు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో, సొంత భర్తకు వీసా నిరాకరించినా దాన్ని ప్రశ్నించే రాజ్యాంగ హక్కు అమెరికన్ భార్యకు లేదని తీర్పు చెప్పింది. భార్యకే లేని హక్కు చెల్లెలి కూతురికి ఎక్కడి నుంచి వస్తుంది? మన ఎమ్మెల్యే లెటర్, ఎంపీ లెటర్ కూడా అక్కడ పనికిరావు. మిగిలింది ఒక్కటే దారి, కొత్త దరఖాస్తు. కొత్త డీఎస్-160, మళ్లీ 185 డాలర్ల ఫీజు, మళ్లీ స్లాట్. పాత ఫీజు తిరిగి రాదు.

ఇన్నాళ్లు ఆగాలన్న రూలేమీ లేదు. అలాగని వచ్చే నెలలోనే అదే ఫారంతో వెళ్తే, ఇంకో ఆఫీసర్ ముందటి ఆఫీసర్ రాసుకున్న నోట్ చూసి, ఏం మారిందని అడుగుతాడు. దానికి రెండు రకాల జవాబులే నిలబడతాయి. ఒకటి, పరిస్థితి మారింది: భూమి పేరు మీదికి వచ్చింది, ఉద్యోగం పర్మనెంట్ అయింది, ఇక్కడున్న కొడుక్కి పెళ్లై కోడలొచ్చింది. రెండోది, అప్పుడు చెప్పాల్సింది చెప్పలేదు: రైతునైనా గృహిణి అని రాశారు, ఆరు నెలలని పొరపాటున పెట్టారు, ఇంగ్లీష్ అర్థంకాక ప్రశ్నకు సంబంధం లేని జవాబిచ్చాను. రెండోది ఉన్నవాళ్లు ఎక్కువ ఆగనక్కర్లేదు. మొదటిదీ రెండోదీ కూడా లేకపోతే ఆ 185 డాలర్లు దాచుకోవడమే నయం.

ఒక్కోసారి చేతికొచ్చిన కాగితం మీద 214బి బదులు 221జీ అని ఉంటుంది. దాన్ని చూసి కూడా వీసా పోయిందని ఏడుస్తారు. అందులో ఏదో పత్రం అడుగుతారు, లేదా పరిశీలన ఇంకా సాగుతోందని అర్థం. అడిగినది ఏడాదిలోపు ఇస్తే కొత్త ఫీజు లేకుండా అదే దరఖాస్తు ముందుకు సాగుతుంది.

అమెరికా కాకుండా వేరే దేశమైతే

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా అమెరికా గురించి. అక్కడ మాట ముఖ్యం, కాగితం తర్వాత. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలకు విజిటర్ వీసాలో మామూలుగా ఇంటర్వ్యూ ఉండదు, కాబట్టి అక్కడ కాగితమే మనిషి. పాస్‌బుక్, వడ్ల రసీదులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, తోటను ఈ రెండు నెలలు ఎవరు చూసుకుంటారో రాసిన ఉత్తరం, అన్నీ పెట్టాలి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీష్ అనువాదం జతచేయాలి. చాలా ఫైళ్లలో పాస్‌బుక్ తెలుగులోనే పెట్టి ఊరుకుంటారు. చదవలేని కాగితం లేనట్టే లెక్క.

బ్రిటన్ తిరస్కరణలో ఒక మేలుంది: ఎందుకు ఇవ్వలేదో లేఖలో వివరంగా రాస్తారు. బంధువులను చూడటానికి వెళ్లేవారికి ఒకప్పుడు అక్కడ పూర్తి అప్పీలు హక్కు ఉండేది. 2013 జూన్ 25 నుంచి దాన్ని తీసేశారు. మానవ హక్కుల కారణం చూపగలిగితే తప్ప ఇప్పుడు కొత్త దరఖాస్తే గతి. ఆ లేఖను ముందు పెట్టుకుని, వాళ్లు అడిగిన ఒక్కొక్క సందేహానికి ఒక్కొక్క పత్రంతో జవాబిస్తూ రెండోసారి రాస్తే చాలా దరఖాస్తులు గట్టిపడతాయి. కోపంతో వాదించే ఉత్తరాలు మాత్రం పంపకండి.

కెనడా లేఖ పొడిపొడిగా ఉంటుంది. అసలు కారణాలు ఆఫీసర్ రాసుకున్న నోట్స్‌లో ఉంటాయి. కెనడాలో ఉన్న బంధువు, దరఖాస్తుదారు సమ్మతి పత్రం జతచేసి ఐదు డాలర్లతో వాటిని తెప్పించవచ్చు. 2025 నుంచి కొన్ని తిరస్కరణ లేఖలతో పాటే ఆ నోట్స్ పంపడం మొదలైంది. ఆ నోట్స్‌లో తరచూ కనపడే ఒక ముక్క ఉంది: ఈ మనిషి ఒంటరి, ఎక్కడికైనా కదలగలరు, స్థిరపడలేదు, ఆధారపడినవాళ్లు లేరు. ఒంటరిగా ఉండటాన్నే, వేరే విశ్లేషణ ఏమీ లేకుండా, తిరిగిరారనడానికి రుజువుగా తీసుకోవడం సరికాదని అక్కడి ఫెడరల్ కోర్టు పలు కేసుల్లో చెప్పింది. కోర్టుకు వెళ్లాలంటే, కెనడా బయట తీసుకున్న నిర్ణయానికి అరవై రోజుల గడువు. కోర్టు గెలిచినా నేరుగా వీసా ఇవ్వదు, ఇంకో ఆఫీసర్ దగ్గరికి ఫైలు పంపుతుంది. లాయర్ ఖర్చు ఎక్కువ. కాబట్టి ఒక్క పర్యటన కోసమైతే కొత్త దరఖాస్తే మేలని నా అభిప్రాయం.

తల్లి ఒక్కతే ఉండి, కొడుకు కెనడా పీఆర్ (శాశ్వత నివాసి) లేదా సిటిజన్ అయితే సూపర్ వీసా చూడండి. ఒక విడతలో ఐదేళ్ల దాకా ఉండొచ్చు. కొడుకు ఆదాయం నిర్ణీత స్థాయిలో ఉండాలి, తల్లికి లక్ష డాలర్ల ఆరోగ్య బీమా కావాలి. ఇది తల్లిదండ్రులకూ తాతయ్య అమ్మమ్మలకూ మాత్రమే. పెంచి పెద్దచేసినా సరే, చిన్నమ్మకూ మేనత్తకూ వర్తించదు. మన ఇళ్లలో తల్లి లేని పిల్లలను పెంచిన మేనత్తలు ఎందరో ఉన్నారు. వాళ్ల విషయంలో ఈ నిబంధన నిజంగా బాధ కలిగిస్తుంది. ఇలాంటి చోట ఆ పెంపకం గురించి, ఇక్కడ ఆమెకున్న పొలం, పెన్షన్ గురించి కలిపి మామూలు విజిటర్ వీసాలోనే రాయాలి.

ఆస్ట్రేలియాలో పరిస్థితి కొంత నయం. అక్కడ సబ్‌క్లాస్ 600 అనే విజిటర్ వీసాలో కుటుంబ స్పాన్సర్ విభాగం ఉంది. మేనత్తలు, మేనమామలు, పిన్నులు కూడా అందులోకి వస్తారు. గడువులోపు తిరిగొస్తారన్న హామీగా స్పాన్సర్ నుంచి కొన్ని వేల డాలర్ల డిపాజిట్ అడగొచ్చు, తిరిగొచ్చాక వెనక్కిస్తారు. అక్కడికి వెళ్లాక గడువు పెంచుకోవడం కుదరదు. తిరస్కరిస్తే స్పాన్సర్ చేసిన బంధువు అక్కడి రివ్యూ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. 2024 అక్టోబర్ 14 నుంచి పాత ట్రైబ్యునల్ స్థానంలో కొత్తది పనిచేస్తోంది. ఒంటరి బంధువు తరఫున ఒకరు నిలబడి పూచీ ఇవ్వగలిగే పద్ధతి ఇది. మిగతా దేశాల్లోనూ ఇలాంటిది ఉంటే ఎన్ని ఇళ్లలో ఏడుపులు తప్పేవో.

ఏ దేశానికి పెట్టినా, పంపిన ఫారం కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చాలామంది దగ్గర కన్ఫర్మేషన్ పేజీ మాత్రమే ఉంటుంది, లోపల ఏం రాశారో ఏజెంట్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రెండోసారి నింపేటప్పుడు పెళ్లి తేదీ, చదువు, తోబుట్టువులు ఎక్కడున్నారు, ఆదాయం ఎంత అన్నవి మొదటిదానితో సరిపోవాలి. మారినవి ఉంటే ఎందుకు మారాయో ఆమె స్వయంగా చెప్పగలగాలి. అందుకే సబ్‌మిట్ నొక్కే ముందు ప్రతి పేజీ ఆమె పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించండి. "ఇది నా సంగతేనా?" అని ఆమె తల ఊపిన తర్వాతే పంపండి.